వరుస పోయిన పాటలు

తెలుగులో ‘వరుస’ అనే మాటకు ఉన్న అర్థాలలో రెండు సంగీతానికి బాగా దగ్గరివి. ఒకదాని వెంట మరొకటి వచ్చే క్రమాన్ని వరుస అంటారు. పాట ఏ బాణీలో నడుస్తుందో ఆ బాణీని కూడా వరుసే అంటారు, పాటకు స్వరం కూర్చడం ‘వరుస కట్టడం’ అయింది అందుకే. మాటలు నిలిచి బాణీ పోయిన పాటకు, బాణీలు నిలిచి క్రమం పోయిన పాటల సంపుటికి కలిగిన నష్టాన్ని ఈ ఒక్క మాటే చెప్పగలదు. తిరుమల రాగిరేకుల మీద దొరికిన తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు మొదటి రకానివి. కాలిఫోర్నియాకు చెందిన బీచ్ బాయ్స్ అనే రాక్ బృందం 1966లో మొదలుపెట్టి 1967లో విడిచిపెట్టిన ‘స్మైల్’ ఆల్బమ్ రెండవ రకానిది. కాలం, భాష, ప్రయోజనం వేరువేరైన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన కారణం ఒకటుంది. రెండు చోట్లా పోయినదాన్ని తిరిగి నిలబెట్టే పనిని ఆ పాటలంటే ప్రాణం పెట్టిన శ్రోతలు, గాయకులు, పరిశోధకులు తలకెత్తుకున్నారు. అందులో దొరికినదెంత, కూర్చినదెంత అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకే తీరున ఎదురైంది.

అన్నమయ్య పాటల చరిత్రలో బళ్ళారి సీమకు చిన్నదైనా మరువరాని భాగం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ బళ్ళారి కలెక్టరుగా 1823 ఆగస్టులో పంపిన నివేదికలో, నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి జిల్లాలో 533 పాఠశాలలు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు లెక్క చెప్పాడు. వాటిలో 235 చోట్ల కన్నడం, 226 చోట్ల తెలుగు నేర్పేవారు. రెండు భాషలూ ఈ నేల మీద ఎంత సరిసమానంగా బతికాయో చెప్పడానికి ఇంతకన్న పాత లెక్క అక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, రూపనగుడి మొదలైన ఊళ్ళున్న బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. అయితే పాలనకు గీసిన ఆ గీత పాటను ఆపలేదు. ఈ సరిహద్దు పల్లెల్లో కన్నడ భక్తకవి పురందరదాసు పదం వెంట అన్నమయ్య కీర్తన వినబడడం ఎవరికీ వింత కాదు.

ఇదే క్యాంప్‌బెల్ బళ్ళారికి రాకముందు, 1816లో మద్రాసులో ఒక తెలుగు వ్యాకరణాన్ని అచ్చు వేయించాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధ వ్యాసం కూడా ఈ పుస్తకంలోనే వెలువడింది. తిరుమల కొండమీద ఒక బ్రాహ్మణ కుటుంబం వేల రాగిరేకుల మీద చెక్కించిన రచనలను భద్రపరచిందని విని, వాటిని చూసి రమ్మని ఒక దేశీయుణ్ణి పంపినట్టు, వాటిలో ఒక వ్యాకరణ గ్రంథం తప్ప మిగిలినదంతా దేవుని స్తోత్రాలే అని తేలినట్టు క్యాంప్‌బెల్ తన పీఠికలో రాశాడు. అతనికి కావలసినది వ్యాకరణం గనుక దానికి నకలు తీయించుకున్నాడు, పాటలను అక్కడే ఉండనిచ్చాడు. అతన్ని తప్పుపట్టవలసిన పని లేదు. తెలుగువారు కూడా ఆ తరువాత నూరేళ్ళ దాకా ఆ రేకులున్న గది తలుపు తీయించలేదు. పరదేశి ఒకడు తన అవసరం కోసం వెతుకుతూ రాసిన ఆ రెండు మూడు వాక్యాలే, పందొమ్మిదో శతాబ్దం మొదట ఆ రేకులు చెక్కుచెదరకుండా ఉన్నాయనడానికి అచ్చులో మిగిలిన సాక్ష్యం కావడం తెలుగు సాహిత్య చరిత్ర గుర్తుంచుకోవలసిన విషయం.

ఆ రేకులున్న చోటు తిరుమల ఆలయంలోని చిన్న రాతి గది. దానిని సంకీర్తన భాండారం అని, తాళ్ళపాక అర అని పిలుస్తారు. దాని ద్వారానికి ఇరువైపులా అన్నమాచార్యుల, ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల రూపాలు చెక్కి ఉన్నాయి. 1922లో వెలుగులోకి వచ్చిన ఆ రేకులు రెండు వేలకు పైబడినవి. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో అన్నమాచార్యులకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షమైనప్పటి నుంచి శకం 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు చెప్పిన పాటలివి అని రేకులే చెబుతున్నాయి. శకవర్షానికి 78, ఫాల్గుణంలా ఏడాది చివర వచ్చే నెలకు 79 కలిపితే క్రీస్తుశకం వస్తుంది గనుక ఇది 1424 నుంచి 1503 దాకా నడిచిన రచన అన్నమాట. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో రాశాడు. దొరికినవి పన్నెండు వేల పైచిలుకు.

ఒక రేకును దగ్గరగా చూస్తే పోయినదేమిటో తెలుస్తుంది. పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది, దాని కింద పల్లవి, తరువాత చరణాలు, చివరి చరణంలో వేంకటేశ ముద్ర. తాళం పేరు చాలా పాటలకు లేదు, స్వరం అంతకన్నా లేదు. చెక్కించినవారికి స్వరం రాయవలసిన అవసరం కనబడలేదు, ఎందుకంటే ఆ పాటలు ఆ ఇంటివారి నోట, గుడి సేవల్లో రోజూ పలుకుతున్నవే. రాగి మాటను కాపాడితే చాలు, పాటను గొంతు కాపాడుతుందని వారి నమ్మకం. తిరుమల ఏకాంతసేవలో నేటికీ తాళ్ళపాక వంశీకులు లాలి పాడుతారు గనుక ఆ నమ్మకం పూర్తిగా వమ్ము కాలేదు గాని, వేల పాటల బరువును ఒక వంశపు గొంతు ఐదు శతాబ్దాలు మోయలేకపోయింది. రేకులకు బయట బతికినవి కొన్నే. ‘జో అచ్యుతానంద’ అన్న లాలిపాటను తల్లులు ఉయ్యాల దగ్గర కాపాడారు. ‘శరణు శరణు’ అన్న కీర్తన దక్షిణాది భజన సంప్రదాయంలో మొట్టమొదట పాడే తోడయమంగళంలో చేరి నిలిచింది. రేకు సంగతి తెలియనివారే ఈ రెండింటినీ తరతరాలుగా పాడుతూ వచ్చారు.

రాగం పేరు ఉంది కదా, దానిలో పాడితే పాత పాట తిరిగి రాదా అన్న సందేహం సహజం. దీనికి జవాబు బళ్ళారి సీమకు దగ్గరలో ఉన్న విజయనగరంలోనే దొరుకుతుంది. అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ అనే సంస్కృత లక్షణ గ్రంథాన్ని రచించాడు. లక్షణ గ్రంథం అంటే ఒక శాస్త్రానికి నియమాలు చెప్పేది. మేళం అంటే ఒక రాగానికి ఆధారమైన ఏడు స్వరాల కూర్పు. తాళ్ళపాక రేకులకు కాలంలో చాలా దగ్గరైన ఈ గ్రంథంలో ముఖారి మేళానికి ఏడూ శుద్ధ స్వరాలే, అంటే నేటి లెక్కన కనకాంగి మేళం. ఈనాటి గాయకుడు ముఖారి అని పాడే రాగం ఖరహరప్రియ మేళంలో పుట్టినది. పేరు ఒక్కటే, పలికే స్వరాలు వేరు. రేకు మీద ముఖారి అని చూసి నేటి ముఖారిలో ఆలపిస్తే, ఇంటిపేరు కలిసినంత మాత్రాన ముక్కూ మొహం తెలియనివారిని చుట్టమని పిలిచినట్టే అవుతుంది. ఇక తెలుగు కాంభోది, కొండమలహరి, అమరసింధు వంటి పేర్లు నేటి కచేరీలో వినబడనే వినబడవు. అంటే రాగం పేరు చేతికి దొరికిన తాళంచెవి అనిపించినా అది వేసిన తాళం మారిపోయింది. ఈ విషయాన్ని పునరుద్ధరణ గురించి మాట్లాడేవారు తగినంత నొక్కి చెప్పకపోవడం పెద్ద లోపం.

బీచ్ బాయ్స్ విషయంలో నష్టం ఇందుకు తలకిందులుగా ఉంది. ఆ బృందానికి స్వరకర్త అయిన బ్రయాన్ విల్సన్, 1966లో వచ్చిన ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే పాటతో ఒక కొత్త పద్ధతిని పట్టాడు. పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో పాడించి రికార్డు చేయకుండా, చిన్న చిన్న తునకలుగా వేరువేరు స్టూడియోల్లో రికార్డు చేసి, టేపును బ్లేడుతో కోసి అతికించి పాట తయారుచేయడం ఆ పద్ధతి. వాన్ డైక్ పార్క్స్ సాహిత్యంతో మొదలైన ‘స్మైల్’ ఆల్బమ్ అంతటినీ విల్సన్ ఇలాగే కట్టబోయాడు. నెలల తరబడి తునకలు పోగుపడ్డాయి గాని, ఏది దేని తరువాత రావాలో తేలలేదు. క్యాపిటల్ సంస్థ నాలుగు లక్షలకు పైగా అట్టలు ముందే అచ్చు వేసింది. ఆ అట్ట వెనుక పన్నెండు పాటల పేర్లు వేసి, సరైన క్రమం కోసం రికార్డు మీది లేబుల్ చూడమని సూచన చేర్చింది. ఆ లేబుల్ ఎన్నడూ అచ్చు కాలేదు. బృందంలోని విభేదాలు, విల్సన్ మానసిక అస్వస్థత, పార్క్స్ తప్పుకోవడం కలిసి 1967 మే నాటికి ఆ పని ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో దానికి బదులు ‘స్మైలీ స్మైల్’ అనే చిన్న ఆల్బమ్ వచ్చింది.

ఆ తరువాతి ముప్ఫై ఏళ్ళ చరిత్ర శ్రోతలది. కొన్ని తునకలు 1969లోను, 1971లోను బృందం వేసిన ఇతర ఆల్బమ్‌లలో బయటపడ్డాయి. 1980ల నుంచి మిగిలినవి బూట్‌లెగ్ రూపంలో, అంటే సంస్థ అనుమతి లేకుండా చాటుగా నకలు తీసిన రికార్డులుగా, క్యాసెట్లుగా చేతులు మారాయి. డొమినిక్ ప్రయోర్ అనే అభిమాని 1988లో నాటి పత్రికా కథనాలు, రికార్డింగ్ వివరాలు పోగుచేసి ఒక పుస్తకమే వేశాడు. 1993లో క్యాపిటల్ సంస్థ వెలువరించిన బాక్స్ సెట్‌లో ముప్ఫై నిమిషాలకు దగ్గరగా అసలు తునకలు అధికారికంగా దొరికాక, కంప్యూటర్ ఉన్న ప్రతి అభిమాని తన ‘స్మైల్’ను తానే కూర్చుకోవడం మొదలైంది. ఒకరు పన్నెండు పేర్ల జాబితాను పట్టుకుని వెళితే, మరొకరు శ్రుతులు ఎక్కడ కలుస్తాయో విని అతికించారు. ఎవరి వరుస వారిది. ఈ పనిని కేవలం కాలక్షేపం అనుకోవడం సరికాదు. తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకుని ఏ పద్యం ఎక్కడిదో తేల్చే పరిష్కర్త, అంటే ప్రతులను పోల్చి పాఠం నిర్ణయించే పండితుడు, చేసే పనికి ఇది తమ్ముడి వరుస అవుతుంది.

ఆ అభిమానుల్లో ఒకడైన డేరియన్ సహనాజా తరువాత విల్సన్ బృందంలోనే వాద్యకారుడయ్యాడు. 2003లో అతడు పాత తునకలన్నిటినీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి విల్సన్ ముందు కూర్చున్నాడు. ఒక పాట సాహిత్యపు చేతిరాతలో చదవరాని మాట అడ్డురాగా విల్సన్ పార్క్స్‌కు ఫోన్ చేశాడు, అలా ముప్ఫై ఆరేళ్ళ తరువాత కవి మళ్ళీ వచ్చి చేరాడు. 2004 ఫిబ్రవరి 20న లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ‘స్మైల్’ మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా వినిపించింది. అదే ఏడు కొత్తగా పాడి వేసిన ఆల్బమ్ వచ్చింది. 2011లో మార్క్ లినెట్, అలన్ బాయిడ్ 1966–67 నాటి అసలు టేపులను ఆ 2004 వరుసను ఆధారం చేసుకుని పేర్చి ‘ద స్మైల్ సెషన్స్’గా వెలువరించగా, దానికి 2013లో ఉత్తమ చారిత్రక ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ పేరులోనే వారి నిజాయితీ ఉంది. ఇది 1967లో రావలసిన ఆల్బమ్ అని వారు చెప్పలేదు, ఆ ఆల్బమ్ కోసం జరిగిన రికార్డింగుల కూర్పు అని చెప్పారు. విల్సన్ 2025 జూన్ 11న కన్నుమూశాడు.

కర్త బతికి ఉండి తిరిగి రావడం అన్నమయ్య విషయంలో సాధ్యం కాదు గనుక ఇక్కడి భారమంతా తరువాతివారి మీదే పడింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు రేకులను చదివి సంపుటాలుగా వెలువరించడంతో మాట బయటికి వచ్చింది. 1950లో వేటూరి మరణించాక ఆ బాధ్యత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మకు చేరింది. 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పి, బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం నేర్చిన ఈయనలో తెలుగు ఛందస్సు, కర్ణాటక సంగీతం, కన్నడనేల సంస్కారం మూడూ కలిశాయి. రెండు భాషల సరిహద్దు మనిషికే ఈ పని చిక్కడం తెలుగువారి అదృష్టం.

వరుస కట్టే పని ఎలా సాగుతుందో కొంత వివరించాలి. పల్లవిని ముందు మాత్రలుగా విడదీసి, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని లెక్కించి, ఆ నడకకు ఏ తాళం ఇముడుతుందో చూడాలి. ప్రాస పడిన అక్షరం తాళపు దెబ్బ మీద నిలుస్తుందా, మాట మధ్యలో విరిగి అర్థం చెడుతుందా అని పరీక్షించాలి. పాట ఎక్కడ ఎత్తుకోవాలో ఆ ఎత్తుగడ నిర్ణయించాలి. ఆ తరువాతే రాగం. శృంగార కీర్తనలో నాయిక అలుకకు తగిన స్వరం, అధ్యాత్మ కీర్తనలోని వైరాగ్యానికి పనికిరాదు. అన్నమయ్య సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం పోయి, మనుమడు చిన తిరుమలాచార్యుల తెలుగు అనువాదం మిగిలింది. అది పదం ఎలా ఉండాలో చెబుతుంది గాని ఫలానా పాట ఎలా పలికిందో చెప్పదు. రాళ్ళపల్లి ఈ పద్ధతిలో వందకు పైగా కీర్తనలకు స్వరం కట్టి, స్వరలిపితో అచ్చుకిచ్చాడు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

ఆయన వెనుక వచ్చిన నేదునూరి కృష్ణమూర్తి మరింత స్వేచ్ఛ తీసుకున్నాడు. ‘నానాటి బతుకు’ కీర్తనకు ఆయన రేవతి రాగంలో కట్టిన వరుస ఎంతగా నాటుకుందంటే, ఆ మాటలు మరో రాగంలో ఉండగలవని ఊహించడమే నేటి శ్రోతకు కష్టం. కాని రేకు మీది రాగం రేవతి కాదు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించింది. ఆ తరువాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నేదునూరి, కడయనల్లూర్ వెంకటరామన్ వంటివారు స్వరపరచిన కీర్తనలను ‘బాలాజీ పంచరత్నమాల’ పేరుతో ఐదు రికార్డులుగా పాడడంతో, అప్పటిదాకా పండితుల బల్ల మీద ఉన్న అన్నమయ్య ఇంటింటి తెల్లవారుజామున వినబడ్డాడు. 2025లో మరణించిన గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ వందల కీర్తనలకు వరుసలు కట్టి పాడాడు. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రం తరువాతి తరానికి కొన్ని కీర్తనలను సంగీత దర్శకుడు కీరవాణి కట్టిన వరుసల్లోనే పరిచయం చేసింది.

ఇవన్నీ ఇరవయ్యో శతాబ్దపు రచనలు. ఈ మాట అనడం వాటిని తక్కువ చేయడం కాదు. వాటికి రావలసిన గౌరవం ఇదే. పదిహేనో శతాబ్దపు సాహిత్యానికి ఇరవయ్యో శతాబ్దపు సంగీతం జతపడి కొత్త కళాఖండం పుట్టింది, దానికి ఇద్దరు కర్తలున్నారు. పురందరదాసు పదాల విషయంలో కన్నడిగులు ఈ సంగతిని సహజంగానే ఒప్పుకున్నారు: ‘భాగ్యద లక్ష్మీ బారమ్మా’ను భీమ్‌సేన్ జోషి హిందుస్తానీ బాణీలో పాడినా, కర్ణాటక గాయకులు తమ మధ్యమావతిలో పాడినా బళ్ళారి శ్రోత రెండింటినీ ఆదరిస్తాడు, ఏదీ హంపిలో దాసుగారు పాడిన స్వరమే అని పట్టుబట్టడు. తెలుగునాట మాత్రం ప్రచారంలో ఉన్న వరుస అన్నమయ్యదే అన్న అపోహ బలంగా పాతుకుపోయింది, దానితో వరుస కట్టినవారి పేరు వేదిక మీద వినబడడమే అరుదైంది. ‘స్మైల్’ అభిమానులు టేపు తునక ఏది, తాము అతికించిన చోటు ఏది అని విడివిడిగా చెప్పుకున్నారు. అంతటి శ్రద్ధ అన్నమయ్య పాటకు కూడా దక్కాలి.

ముద్రిత సంపుటాల్లో ప్రతి కీర్తన నెత్తినా రేకు సంఖ్య, రేకు మీది రాగం ఇప్పటికే ఉన్నాయి. కచేరీ కరపత్రంలో, రికార్డు అట్ట మీద, పాఠశాల పోటీల పుస్తకంలో వాటి పక్కన నేడు పాడుతున్న రాగం, ఆ వరుస కట్టినవారి పేరు కూడా చేర్చాలి. రూపనగుడి వంటి ఊళ్ళలో తెలుగు కీర్తనను కన్నడ లిపిలో రాసుకుని పాడే భజన బృందం తన చేతిరాత పుస్తకంలో ఆ ఒక్క పేరు రాసుకోవడానికి ఒక గీత చోటు చాలు.